కల్లే కదా

నగరంలో కార్ఖానా అనే ఏరియాలోని ఆ చిన్న నర్సింగ్ హోమ్‌లో కొత్త పేషెంట్ల కాగితాలు నింపేది సిస్టర్ లోవలక్ష్మి. మంగళవారం కాలు విరిగి వచ్చిన కమలాబాయికీ ఆమే నింపింది.

"తాగుడు, పొగాకు, ఏమైనా అలవాట్లున్నాయా?"

"ఏం లెవ్వు మేడం. మాపటికి రెండు సీసాలు కల్లు తాగుతది, గంతే," అన్నాడు కొడుకు యాదగిరి. అతను సాఫ్ట్‌వేర్ కంపెనీలకు క్యాబ్ నడుపుతాడు.

లోవలక్ష్మి నవ్వింది. అనకాపల్లి పక్క పల్లెలో పుట్టిన మనిషి, ఆమెకు కల్లూ ఒక అలవాటేనా? "కల్లే కదా, ఏం కాదు," అని 'లేవు' అని రాసేసింది. ఈ ఊరి కల్లు కాంపౌండ్లలో చాలాచోట్ల సీసాలో కలిపేది నిద్రమాత్రల పొడి అని ఆమెకు తెలియక కాదు. ఆ పూట బుర్రకు తట్టలేదు, అంతే.

గురువారానికి కమలాబాయి చేతులు వణకసాగాయి. దుప్పటి మీద లేని చీమల్ని ఏరింది. మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. డాక్టర్ సుబ్బరాజు కాగితం చూసి, "అలవాట్లు లేవన్నారే," అని గొణుక్కుని, ఫిట్స్ ఆపే మత్తుమందు డయజెపాం మెల్లగా ఎక్కించమన్నారు. లోవలక్ష్మి ఆమె ఊపిరి లెక్కపెడుతూ ఎక్కించింది. వణుకు తగ్గింది.

రోజూ పడే మత్తు ఆగిపోయినందుకే ఇదంతా అని లోవలక్ష్మికి అర్థమైపోయింది. వెంటనే చెప్పాలి. కానీ ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కాలేదు. "అమ్మకేమైంది మేడం?" అని యాదగిరి అడిగితే, "నీరసం," అంది. సిగ్గుపడాల్సిన మాట. డ్యూటీ దిగేటప్పుడు చెబుదాంలే అనుకుంది.

నీరసమంటే కొడుకు ఊరుకుంటాడా? సాయంత్రం చాయ్ ఫ్లాస్కులో కల్లు తెచ్చి, కళ్లు తెరిచిన తల్లికి తాగించాడు. మందు మీద మత్తు పడింది. అరగంటకు ఊపిరి నిమిషానికి నాలుగుకు దిగిపోయింది. ఊపిరందించే అంబు బ్యాగు నొక్కి నొక్కి లోవలక్ష్మి మణికట్లు పడిపోయాయి. ఆరున్నరకు డాక్టరు ఇక చాలన్నారు.

"నా చేతులతోటే తాగిపిచ్చిన సార్," యాదగిరి గోడకు తల ఆనించి ఏడుస్తున్నాడు.

ఆమె నోరు మెదపకపోతే తప్పంతా అతని మీదే ఉండిపోతుంది. 'లేవు' అని రాసి ఉన్న ఆ కాగితమూ ఆమె వైపే ఉంది.

"తప్పు నాది బాబూ," అంది, డాక్టరు వింటుండగానే. "నువ్వు మంగళవారమే చెప్పావు. నేనే రాయలేదు."

యాదగిరి తల తిప్పి ఆమెను చూశాడు.

"ఔ మేడం, చెప్పిన," అన్నాడు. "మీరు నవ్విన్రు."