బ్రాంట్లీ కారు మీద మా వీధి అభిప్రాయం

మా నాయన మోకు వదల్లేదు. అందుకే చచ్చిపోయాడు.

కారున్న ముదలాళి మనుషులు మా ఊరు గుడియాత్తమంతా చెప్పుకు తిరుగుతున్న మాట ఇదే. హారన్ కొట్టారట, అందరూ పక్కకు పోయారట, వరదప్ప ఒక్కడే కదల్లేదట, కాబట్టి తప్పు వాడిదేనట. హారన్ కొట్టిన మాట నిజం. మిగిలింది నేను చెబుతాను. ఆ పూట గంజి కుండ పట్టుకొని నాయనకు నాలుగడుగుల దూరంలో నిలబడింది నేనే.

నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకని రాస్తున్నాను. తోళ్ల షాపుల్లో పనిచేసే అన్నలు, వేలూరులో చదువుకునే అన్నలు ఎవరైనా దీన్ని చదివితే, చదవడం రానివాళ్లకు వినిపించండి.

మాది నేతగాళ్ల వీధి. పడుగుకు గంజి పట్టే రోజు తెల్లారేసరికి వీధి మొత్తం బయటికి వస్తుంది. అది ఒక ఇంటివాళ్లు చేసుకోగలిగిన పని కాదు. నలభై గజాల పడుగును వీధి పొడవునా సాగదీసి, కింద కత్తెర కర్రలు నిలబెట్టి, గంజి పోస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతూ అటూ ఇటూ నడవాలి. ఒక చివరను గట్టిగా కట్టేస్తారు. రెండో చివర మోకును, అంటే లావు తాడును, కొయ్యకు ఒక చుట్టు చుట్టి ఒక మనిషి పట్టుకోవాలి. తడిసినప్పుడు పోగు బిగుస్తుంది, ఆరేటప్పుడు వదులవుతుంది. ఆ బిగువు చేతికే తెలుస్తుంది. తడి మీద మోకు జారితే రెండు వేల పోగులూ అతుక్కుని ఎందుకూ పనికిరావు. ఒక కుటుంబం రెండు నెలల తిండి పోతుంది.

అందుకే మా వీధిలో పడుగు సాగి ఉంటే ఎద్దుల బండి ఆగుతుంది. పెళ్లివారు ఆగుతారు. ఒకసారి శవాన్ని మోస్తున్నవాళ్లు కూడా ఆగారు. పడుగు ఆరాకే ఏదైనా కదులుతుంది.

ఆ రోజు మోకు మా నాయన చేతిలో ఉంది.

ముదలాళి అంటే జానకిరామన్. మా మగ్గాలకు నూలు ఇచ్చేది ఆయనే, నేసిన బట్ట తీసుకునేది ఆయనే. పంగుని నెలలో కొత్తగా బ్రాంట్లీ కారు కొన్నాడు. ఆ పొద్దున ఆ కార్లు అమ్మే ఏజెంటు వేలూరు నుంచి వచ్చి వెనక సీట్లో ఆయన పక్కన కూర్చున్నాడు. నడిపేది ఏసుదాసు. ఊరి బయట చేరిలో, అంటరానివాళ్ల వాడలో, ఉంటాడు, యుద్ధంలో బస్రాకు పోయి లారీ నడపడం నేర్చుకొచ్చినవాడు.

కారు మలుపు తిరిగింది. హారన్ మోగింది. మా పక్కింటి పంకజం అక్క కుంచె పైకెత్తి అరిచింది.

"పడుగుండాది! కండ్లు యాడ పెట్టుకొని వస్తా ఉండారు?"

హారన్ మళ్లీ మోగింది. కుంచెలవాళ్లు గోడలకు కరుచుకుపోయారు. నాయన మోకును మణికట్టుకు చుట్టుకొని, రెండో చెయ్యి పైకెత్తాడు.

"రోంత సేపు ఆగండప్పా. తడి ఆరలేదు."

కోపంగా అనలేదు. బండివాళ్లతో అన్నట్టే అన్నాడు. పడుగు ముందుకు ఏది వచ్చినా ఆగడమే నలభై ఏళ్లుగా ఆయన చూసింది. ఇదీ ఆగుతుందనుకున్నాడు. మా నాయన చేసిన తప్పు అదొక్కటే.

కారు ఆగలేదు. ముందు చక్రానికి పోగులు చుట్టుకున్నాయి. పోగులు మోకును లాగాయి, మోకు నాయనను లాగింది.

గోవిందసామి తాత, మా వీధికి పెద్ద, ముదలాళి ముందు చేతులు జోడించాడు.

"సామీ, కారులో ఎత్తుకొని పోదాము. గంటలో వేలూరు ఆస్పత్రి. ఊపిరుండాది సామీ."

ముదలాళి కారు దిగి, నాయనను చూసి, తర్వాత సీటు చూశాడు.

"కొత్త తోలు. రక్తం పడితే పోదు. బండి కట్టండి, నా ఎద్దుల్నే తోలుకోండి."

రైలు సాయంత్రం దాకా లేదన్నారు. బండి కట్టాము. ఎండ ఎక్కేకొద్దీ ఎద్దులు నిదానించాయి. పాలారు దాటేటప్పుడు చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. పంకజం అక్క, తాత, నేను వెనక నుంచి తోశాము. అమ్మ నాయన తలను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది.

అప్పుడు ఆయన కళ్లు తెరిచాడు.

"రాజాంబా, పడుగు ఏమైంది?"

పడుగు వీధిలో తెగి, మట్టిలో పొర్లి, చక్రానికి చుట్టుకొని ఉంది.

"బాగుండాది," అంది అమ్మ. "ఆరిపోయింది. మడిచి పెట్టినాము."

"సెరి," అన్నాడు.

అవతలి ఒడ్డు చేరలేదు.

పోలీసులు వచ్చి, తాడులో తానే చిక్కుకున్నాడని రాసుకొని పోయారు. ముదలాళి మా ఇంటికి నూలు పంపడం మానేశాడు. నాయన మగ్గం గుంటలో అమ్మ కాళ్లు వేలాడేసుకొని ఊరికే కూర్చునేది.

పదహారో రోజున నాకు ముదలాళి ఇంటి నుంచి పిలుపు వచ్చింది. నాట్రంపల్లి పక్కన మా అమ్మమ్మ ఊళ్లో నేను ఐదేళ్లు తెలుగు బడికి పోయాను. మా వీధిలో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ రాయడం నాకొక్కదానికే వచ్చు. చిత్తూరు వైపు రైతులకు కార్లు అమ్మడానికి ఏజెంటు తెలుగులో ఒక పుస్తకం అచ్చు వేయిస్తున్నాడట. ముదలాళి గుమాస్తా అరవ పుస్తకం చూసి చెబుతాడు, నేను తెలుగులో రాయాలి. రాస్తే మా ఇంటికి మళ్లీ నూలు వస్తుంది.

నేను తల దించుకొని రాశాను. బ్రాంట్లీ అనే ఆయన పదిహేనేళ్ల కిందట అమెరికాలో ఒక రేకుల కొట్టంలో సైకిళ్లు బాగుచేసేవాడు. మోటారు బండ్లు జమీందార్లకూ దొరలకూ మాత్రమే ఎందుకు ఉండాలి, నాలుగు రాళ్లున్న ప్రతివాడికీ ఉండాలి అనుకున్నాడు. వెయ్యిమంది కూలీలను వరుసగా నిలబెట్టాడు. ఒకడు రోజంతా ఒకే మర బిగిస్తాడు. పక్కవాడు ఇంకొకటి. అందుకే ఇది ఇంత చవక. పెట్టెల్లో ఓడ ఎక్కి మద్రాసుకు వస్తుంది.

తర్వాత యజమానుల అభిప్రాయాలు. నెమిలి అనే ఊరి మిరాసుదారు: "దీనికి మేత అక్కర్లేదు, జబ్బు చేయదు, కూలి పెంచమని అడగదు." అరక్కోణం డాక్టరు: "ఈ కారు వచ్చాక ఒక్క రోగి దగ్గరికీ ఆలస్యంగా పోలేదు."

అక్కడ నా కలం ఆగింది. గుమాస్తా "ఊఁ" అన్నాడు. రాశాను.

ఆఖరున ముదలాళి తన అభిప్రాయం తానే చెప్పాడు. "బ్రాంట్లీ కారు నెమ్మదైనది. ఇరుకు వీధుల్లో కూడా దీనివల్ల ఇంతవరకు ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు."

నా కలం కాగితంలోకి దిగబడి సిరా ఒలికింది.

"పాడు చేసినావా? సెరి, ఇంకో కాగితం తీసుకో. నేను రేపు మద్రాసు పోతా ఉండాను." తెల్ల కాగితం అడుగున అరవంలో చేవ్రాలు పెట్టి నా చేతికిచ్చాడు. "ఇంట్లో మంచిగా రాసి గుమాస్తాకు ఇచ్చెయ్."

ఆ మధ్యాహ్నం మగ్గాలు ఆపి అందరూ మా వసారాలో చేరారు. ఊరికే కూర్చోలేదు. నాయన పడుగును ఉతికి తెచ్చి, తెగిన పోగులను ఒక్కొక్కటే ముడివేస్తున్నారు. పదిరోజులుగా వేస్తూనే ఉన్నారు. అమ్మ నన్ను రాసిందంతా చదవమంది. చదివాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా చదువు పాపా," అన్నాడు తాత.

గట్టిగా చదివాను. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. పంకజం అక్క చేతిలో పోగు తెంచేసింది.

"ఎవురికీనా? అయితే వరదప్ప మామ ఎవురు? కుక్కనా?"

"అరవబాక," అన్నాడు తాత. "రేపు నూలు ఆపేస్తే పిల్లోళ్లు ఏం తింటారు?"

"ఇప్పుడు మట్టుకు ఏం తింటా ఉండారు తాతా, నెయ్యన్నమా?"

కొందరు నవ్వబోయి ఆగిపోయారు. సందు మొదట్లో ఏసుదాసు నిలబడి ఉన్నాడు. పడుగు పని జరిగే చోటికి చేరివాళ్లు రాకూడదని మా వీధి కట్టుబాటు. అందుకే అక్కడే ఆగాడు.

"ఏ మొగం పెట్టుకొని వచ్చినావురా?" అంది పంకజం అక్క.

"చెప్పి పోదామని వచ్చినాను," అన్నాడు. "బ్రేకు మంచిదే. నేను కాలు పెట్టినాను. ముదలాళి చేతికర్రతో నా భుజం మీద కొట్టినాడు. 'పో, తొలుగుతారు, ఏజెంటు చూస్తా ఉండాడు' అన్నాడు. కాలు తీసేసినాను."

"ఎందుకు తీసినావు?" అమ్మ అడిగింది. పదహారు రోజుల్లో అమ్మ గొంతు అంత గట్టిగా రావడం అదే మొదలు.

ఏసుదాసు అక్కడి పోగుల వైపు చెయ్యి చూపాడు.

"ఆయన చెప్పిన కూలికి మీరెందుకు నేస్తా ఉండారమ్మా? దానికే."

తాత ముడివేస్తున్న పోగును చూస్తూ అన్నాడు, "ఆ అమెరికాలో రోజంతా ఒకటే మర బిగించేవాడుండాడే, వాడికి గూడా కారు ఉండదులే."

అమ్మ తెల్ల కాగితాన్ని నా ముందుకు తోసింది.

"కారు గురించి అభిప్రాయం అడిగినారు గదా. మన అభిప్రాయం రాయి."

తలా ఒక మాట చెప్పారు. నేను రాశాను. "చిత్తిరై నెల ఏడో తేదీ పొద్దున ఈ కారు గుడియాత్తంలో నేతపని చేసే వరదప్పను చంపింది. ఆయన తడి పడుగు మోకు పట్టుకొని ఉన్నాడు. ఆగమని చెయ్యెత్తాడు. బ్రేకు పనిచేస్తుంది. ఆపనివ్వలేదు. సీటు పాడవుతుందని ఆస్పత్రికి తీసుకుపోలేదు. సీటు బాగానే ఉంది. అందరూ వచ్చి చూడవచ్చు." ఆఖరి రెండు మాటలూ అమ్మ చెప్పింది.

కింద ముదలాళి చేవ్రాలు.

గుమాస్తాకు తెలుగు అక్షరాలు రావు. ఏజెంటుకూ రావు. వేలూరు అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే మనిషికి వచ్చు. ఆయన ఎవరో నేను చూడలేదు. చదివాడు. చదివి, ఒక్క అక్షరం మార్చకుండా పేర్చాడు. చిత్తూరు సంతలో పుస్తకాలు పంచిపెట్టాకే సంగతి బయటపడింది. అప్పటికే బండివాళ్లు ఆ పేజీని చింపి జేబుల్లో పెట్టుకొని ఊరూరా చదివించుకుంటున్నారు.

ముదలాళి పోలీసు ఇన్‌స్పెక్టరును కారులో ఎక్కించుకొని మా వీధికి వచ్చాడు. ఆ పొద్దున నాయన పడుగు సాగి ఉంది. రెండు వేల పోగులూ ముడులు పడి, గంజి తాగి, ఎండలో మెరుస్తున్నాయి. మోకు అమ్మ చేతిలో ఉంది.

హారన్ మోగింది.

ఎవరూ గోడ దగ్గరికి పోలేదు. కుంచెలు పట్టినవాళ్లు కుంచెలతోనే, పిల్లలను ఎత్తుకున్నవాళ్లు పిల్లలతోనే, అందరూ అమ్మకు రెండు పక్కలా వచ్చి నిలబడ్డారు. హారన్ మళ్లీ మోగింది. ముదలాళి చేతికర్ర పైకి లేవడం నాకు కనిపించింది.

కారు ఆగింది. అమ్మ చీర చెంగుకు జానెడు దూరంలో.

ఏసుదాసు దిగాడు. కారు ముందు ఉండే, తిప్పి ఇంజనును కదిలించే చువ్వను ఊడదీసి ముదలాళి ఒళ్లో పెట్టాడు.

"మీరే తోలుకోండి సామీ."

ఇన్‌స్పెక్టరు నడుచుకుంటూ వచ్చాడు. "ఎవరు రాసింది?"

"నేను," అంది పంకజం అక్క.

"నీకు రాయడం వచ్చునా?"

"రాదు. చెప్పేది వస్తుంది. మొదటి మాట నాది."

"చెయ్యెత్తినాడని చెప్పింది నేను," అన్నాడు తాత. అటునుంచి ఇంకొకరు, ఇటునుంచి ఇంకొకరు.

"రాసింది నేను," అన్నాను. ఈసారి అందరికీ వినపడింది.

"దానికి పదునైదేండ్లు," అంది అమ్మ వెంటనే. "రాయమన్నది నేను. నన్ను పట్టుకోండి."

కానిస్టేబులు అమ్మ భుజం పట్టుకున్నాడు.

"రోంత సేపు ఆగప్పా," అంది అమ్మ. "తడి ఆరలేదు."

ఆగలేదు. అమ్మ మోకును మణికట్టు నుంచి విప్పి నా మణికట్టుకు చుట్టింది. చూస్తుండగానే తీసుకుపోయారు. వెనక్కి తిరిగి నన్ను చూడలేదు, మోకును చూసింది.

నా బలం చాలలేదు. అరచేతులు కోసుకుపోతున్నాయి, కాళ్లు జారుతున్నాయి. అప్పుడు నా వెనక నుంచి రెండు నల్లటి చేతులు వచ్చి మోకు పట్టుకున్నాయి. ఏసుదాసు. నేను తాత వైపు చూశాను. అందరూ తాత వైపే చూశారు. తాత ఏసుదాసు చేతులను చూసి, వంగి గంజి కుండ ఎత్తాడు.

"బిగువు చూసుకోరా నాయనా," అన్నాడు. "ఎండ ఎక్కతా ఉండాది."

ఏసుదాసును మరునాడు పట్టుకున్నారు. అప్పటినుంచి మా వీధి ముదలాళికి బట్ట ఇవ్వడం లేదు. పక్క రెండు వీధులు కూడా మగ్గాలు ఆపాయి. వాళ్లు రేపు ముదలాళి ఇంటి వాకిలి ముందే పడుగు సాగదీస్తున్నారు. మోకు పట్టడానికి చేరి నుంచి కూడా మనుషులు వస్తున్నారు.

నిన్న వేలూరు జైలుకు పోయాను. అమ్మ చిక్కిపోయింది. కటకటాల అవతల నుంచి నా అరచేతులు పట్టుకొని పుండ్లను తడిమి చూసింది. ఇంటి సంగతి అడగలేదు. నేను తిన్నానా అని అడగలేదు.

"పడుగు ఏమైంది?" అంది.

"బాగుండాదమ్మా," అన్నాను. "ఆరిపోయింది. మడిచి పెట్టినాము."

అమ్మ నా మొహంలోకి చాలా సేపు చూసింది. అది అబద్ధం కాదని తెలిశాక ఏడ్చింది.