తాయక్క పెట్టిన గుర్తు

దువ్వెన మొనతో పాయ తీసి, నుదుటి నుంచి మెడ వెనక గుంట దాకా టేపు పరిచి, ఎర్ర మైనపు పెన్సిలుతో తాయక్క అయిదో గుర్తు పెట్టేసరికి బల్ల మీది ముసలాయన గురక మొదలుపెట్టాడు. ఆమె ఆయన్ని లేపలేదు. నిద్రపోయేవాళ్ల తల మీద పని తొందరగా అవుతుంది. దూదికి గరుకు గుజ్జు అద్ది గుర్తు పెట్టిన చోటల్లా రుద్దింది. గిన్నెలోంచి పేస్టు తీసి ఇరవై ఒక్క వైర్లూ ఒకదాని తరవాత ఒకటి అంటించింది. తెర మీద మెదడు గీతలు పాకడం మొదలయ్యాక స్టూలు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంది.

పొట్టి మనిషి, బరువైన నడుము, ఎడం మోకాలు నొప్పి. స్పిరిటుకీ పేస్టుకీ నాని నాని వేళ్ల కొసలు పగిలి ఉంటాయి. అసలు పేరు పుట్టతాయి. మైసూరులోని ఈ నరాల ఆసుపత్రిలో నేల తుడవడానికి చేరి ముప్ఫయి ఒక్క ఏళ్లయింది. వైర్లు అంటించడం పెద్ద డాక్టరుగారు నేర్పారు. గీతలు చదవడం ఎవరూ నేర్పలేదు, చూసి చూసి అదే వచ్చింది. ఈ మిషను మనసులో మాట చెప్పేస్తుందా అని కొత్తగా వచ్చినవాళ్లు భయంగా అడుగుతారు. అదే చెప్పేదైతే ముందు మా డాక్టర్లకే పెట్టేదాన్ని అంటుంది తాయక్క. ఆ మాటకి నవ్వని రోగి ఇంతవరకూ రాలేదు. నవ్వితే తల కదులుతుందని మళ్లీ తనే కసురుతుంది.

కాఫీ తాగుతూ తరవాతి చీటీ తీసి చూసింది. నాగలాంబ, అరవై ఎనిమిదేళ్లు, స్తోత్రం చదువుతుండగా పడిపోవడం, చెయ్యి కాలడం. తాయక్క చీటీని మడిచింది, మళ్లీ విప్పి చదివింది. కాఫీ గ్లాసు బల్ల కింద పెట్టేసింది.

ఎనిమిదేళ్లుగా ఆమె ఎదురుచూస్తున్నది ఈ చీటీ కోసమే. రాకూడదని ఎదురుచూసింది.

పెద్ద డాక్టరుగారికి అప్పట్లో ఒక కోరిక పుట్టింది. అమ్మవారి వేయి నామాలు గొంతెత్తి చదువుతుంటే మెదడులో ఏం జరుగుతుందో చూడాలని. అగ్రహారంలో శుక్రవారం శుక్రవారం కలిసి పారాయణ చేసే ఆడవాళ్లని పన్నెండుమందిని ఒప్పించి పిలిపించారు. తలకి నూనె వద్దని పదిసార్లు చెప్పినా పదకొండుమంది ఆముదం పట్టించుకునే వచ్చారు. తాయక్క వాళ్లందరినీ తిట్టుకుంటూ, స్పిరిటుతో తుడుచుకుంటూ రెండు వారాలు పనిచేసింది. చదువుతున్నంతసేపూ వాళ్ల ఊపిరి పొడుగయ్యేది. గీతలు కుదురుకుని ఒకదాని వెనక ఒకటి వరసగా నడిచేవి. మాత్ర వేసినా ఇంత నెమ్మది రాదని డాక్టరుగారు మురిసిపోయారు.

తొమ్మిదో మనిషి నాగలాంబమ్మ. ఇంట్లో చట్నీపొడి, మెంతిపిండి చేసి నాలుగిళ్లకి ఇచ్చుకునే సన్నటి మనిషి. వైర్లు అంటిస్తుంటే నీ నక్షత్రం ఏమిటని అడిగింది. మా అమ్మకి అవేం తెలుసమ్మా, నంజనగూడు తేరు లాగిన రోజు పుట్టానని చెప్పేది అంది తాయక్క. గోత్రం కూడా తెలియదంది. ఆమె తలూపి కళ్లు మూసుకుంది, చదవడం మొదలుపెట్టింది.

ఆరు వందల నామాలు దాటాక గొంతు ఆగింది. తెర మీద ఎడమ కణత దగ్గరి గీతలు ఒక్కసారిగా ముళ్లు ముళ్లుగా లేచాయి. తాయక్క లేచి నిలబడింది. అలాంటి ముళ్లు ఆమె వందల్లో చూసింది, అవి ఏమిటో తెలుసు. కానీ అలాంటి ముఖం ఎప్పుడూ చూడలేదు. చాలా రోజులకి కన్నతల్లి గుమ్మంలో నిలబడితే చూసినట్టు నాగలాంబమ్మ తలుపు వైపు తిరిగి చూస్తోంది. పది పన్నెండు క్షణాలు. తరవాత ముళ్లు పడిపోయాయి. ఆమె ఆగిన చోటు నుంచి ఒక్క నామం తప్పకుండా మళ్లీ అందుకుంది.

అయిపోయాక ఆమె తాయక్క మణికట్టు పట్టుకుంది. ముందు సంపెంగ వాసన వస్తుందట. తరవాత అమ్మవారు వచ్చి పక్కన కూర్చుంటుందట. మొగుడు చనిపోయిన ఏడాది నుంచి, ఏ నాలుగైదు వారాలకో ఒకసారి.

"నీ మిషన్లో పడింది కదూ? రాయకు తాయీ. రాస్తే మాత్రలిస్తారు. మాత్ర వేస్తే ఆవిడ రాదు."

తాయక్క తెర ముందు కూర్చుని ఆ ముళ్ల మీద 'కదలిక' అని గుర్తు పెట్టింది. రోగి కదిలితే గీతలు చెదురుతాయి. అలాంటి చోట డాక్టర్లు చూడరు, దాటేస్తారు. ఆ పన్నెండు క్షణాలూ లెక్కలోంచి జారిపోయాయి. పన్నెండుమందిలో అందరికంటే ప్రశాంతమైన తల నాగలాంబమ్మదే అని తేలింది. డాక్టరుగారు ఆ సంగతి ఏదో సభలో చదివి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు.

దయతోనే చేశానని తాయక్క చాలా ఏళ్లు తనకి తాను చెప్పుకుంది. అందులో సగమే నిజం. డాక్టర్లకి తెలియనిది తనకొక్కదానికే తెలిసిందన్న గొప్ప కూడా ఉంది. నేల తుడిచిన మనిషిని ఒక అగ్రహారం పెద్దావిడ చెయ్యి పట్టుకుని బతిమాలిందన్న సంబరమూ ఉంది. అన్నిటికంటే పెద్ద తప్పు వేరే. తాయక్క చెల్లెలు చిక్కతాయికి మూర్ఛ. ఇంట్లోవాళ్లు తాయెత్తులు కట్టించారు, మందిప్పించలేదు. పదహారేళ్ల పిల్ల కాలవలో బట్టలు ఉతుకుతూ మోకాలి లోతు నీళ్లలో పోయింది. పక్క బండ మీద తన బట్టలు తను ఉతుక్కుంటున్న తాయక్క తలెత్తేసరికి అంతా అయిపోయింది. మూర్ఛ ఏం చేస్తుందో ఈ ఆసుపత్రిలో ఎవరికన్నా ఆమెకే ఎక్కువ తెలుసు. తెలిసీ కదలిక అని రాసింది.

పదకొండు గంటలకి నాగలాంబమ్మ వచ్చింది. కోడలు మమత రెక్క పట్టుకుని నడిపిస్తోంది. మనిషి సగమైంది. కుడి చేతి మూడు వేళ్లు చర్మం ముడుచుకుపోయి ఒకదానికొకటి అతుక్కున్నాయి. నాలుగు నెలల కిందట ధనియాలు వేయిస్తూ మూకుడు మీదికి పడిపోయిందని, నోట్లో నామాలు నడుస్తూనే ఉన్నాయని, అంతకుముందు వీధిలో కూడా రెండుసార్లు పడిందని కోడలు గబగబా చెప్పింది. ఎన్నిసార్లు రమ్మన్నా ఆసుపత్రికి రానని మొండికేసిందట.

"ఇంకా ఇక్కడే ఉన్నావా తాయీ?" అంది నాగలాంబమ్మ. "చూడు, ఈసారి నూనె రాయకుండా వచ్చా. నీ చేత తిట్లు తినే ఓపిక లేదు."

తాయక్కకి నవ్వు రాలేదు. తల కొలిచింది. పిన్నులు తీసి డబ్బా మూతలో పెట్టింది. నెరిసిన జుట్టులో పాయలు తీసి వైర్లు అంటించింది. ఒడిలోని అట్టవేసిన పుస్తకాన్ని నాగలాంబమ్మ తలగడ కిందికి తోసి పడుకుంది.

ఇరవై నిమిషాలు గీతలు మామూలుగా నడిచాయి. కొత్త డాక్టరు ఆదర్శ తలుపు దగ్గర తల పెట్టి, ఏమీ లేకపోతే పంపేయమన్నాడు. పంపేస్తే సరిపోయేది. చీటీ మీద మామూలు అని పడేది, నాగలాంబమ్మ సంతోషంగా వెళ్లేది, మళ్లీ ఏ పొయ్యి మీదో, ఏ బస్సు కిందో పడేది. తాయక్కకి కాలవ నీళ్లు గుర్తొచ్చాయి.

"ఇంకొంచెంసేపు ఉంచుతాను సార్. ఈవిడ చేత స్తోత్రం చదివించాలి."

ఆయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు. నాగలాంబమ్మ కళ్లు తెరిచి తాయక్క వైపు చూసింది.

"ఈసారి రాస్తావా?"

"రాస్తానమ్మా."

ఆమె చదవనంటే చేసేదేమీ లేదు, తాయక్క బలవంతపెట్టేది కాదు. నాగలాంబమ్మ బాగున్న ఎడమ చేతిని గుండె మీద పెట్టుకుని సంకల్పం చెప్పుకోవడం మొదలుపెట్టింది. ఫలానా సంవత్సరం, ఫలానా మాసం, శుక్రవారం. కొడుకు పేరు, గోత్రం, నక్షత్రం. కోడలి పేరు, మనవడి పేరు. అక్కడితో ఆగుతుందనుకుంది తాయక్క.

"శివగోత్రం, నంజనగూడు తేరు రోజున పుట్టిన పుట్టతాయి" అంది నాగలాంబమ్మ అదే గొంతుతో, ఏ తడుముకోలూ లేకుండా. గోత్రం తెలియనివాళ్లకి శివగోత్రమే చెబుతారు. ఎన్నో ఏళ్లుగా చెప్పి చెప్పి అరిగిన మాటలవి.

తాయక్కకి అర్థమైంది. ఎనిమిదేళ్లుగా ప్రతి శుక్రవారం ఎక్కడో అగ్రహారంలో తన క్షేమం కోసం ఒకావిడ అమ్మవారికి విన్నవించుకుంటోంది. ఆ ఎనిమిదేళ్లూ తను ఈ స్టూలు మీద కూర్చుని ఆవిడ చీటీ రాకూడదని కోరుకుంటూ కాలక్షేపం చేసింది. లేచి ఆ వైర్లన్నీ పీకేయాలనిపించింది. లేవలేదు.

నామాలు మొదలయ్యాయి. గొంతు పలచబడింది కానీ ఒక్క అక్షరం చెదరలేదు. ఊపిరి పొడుగయ్యింది, గీతలు కుదురుకున్నాయి. నాలుగు వందలు, అయిదు వందలు. అయిదు వందలు దాటిన కాసేపటికే ఎడమ కణత దగ్గర ముళ్లు లేచాయి. ఈసారి అక్కడే ఆగలేదు. కుడివైపు పాకాయి, వెనక్కి పాకాయి, తెరంతా నల్లబడింది. కాలిన చెయ్యి ముందు కొట్టుకుంది, తరవాత ఒళ్లంతా. తాయక్క ఆమెని పక్కకి తిప్పి పట్టుకుని డాక్టరు కోసం కేకేసింది. ముఖం చూసింది. ఆనాటి ముఖం కోసమే వెతికింది. ఈ ముఖంలో ఎవరూ వచ్చిన జాడ లేదు. పెదవి పక్క నుంచి నెత్తుటి చొంగ కారుతోంది. బండ మీదికి లాగినప్పుడు చిక్కతాయి ముఖం కూడా ఇలాగే ఉంది.

ఇంజెక్షన్ ఇచ్చాక సద్దుమణిగింది. తాయక్క తెర ముందు కూర్చుని ముళ్లు మొదలైన చోట గుర్తు పెట్టింది. కదలిక కాదు, మూర్ఛ అని రాసింది. తరవాత డాక్టరు దగ్గరికి వెళ్లి ఎనిమిదేళ్ల కిందటి సంగతి దాచకుండా చెప్పింది. ఉద్యోగం తీసేసినా సరే అనుకుంది. ఆయన మాత్రలు రాస్తూనే విన్నాడు. పాత రికార్డులన్నీ ఎప్పుడో చెరిపేశారని, అప్పుడే మందు పడి ఉంటే ఇంత ముదిరేది కాదేమోనని, ఆ చెయ్యి కూడా కాలేది కాదేమోనని మామూలుగా అన్నాడు. తరవాతి రోగిని పంపమన్నాడు. శిక్ష అంతే. తాయక్కకి అది సరిపోలేదు.

మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్న ఉప్పిట్టు డబ్బా మూత కూడా తీయకుండా వెనక గదిలో నాగలాంబమ్మ పక్కన కూర్చుంది. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, జుట్టులో అట్టకట్టిన పేస్టుని పాయ పాయకీ తుడిచింది. మమత మాత్రల కోసం కిందికి వెళ్లింది. రెండు గంటలకి నాగలాంబమ్మ కళ్లు తెరిచింది. నాలుక వాచి మాట ముద్దగా వచ్చింది.

"వచ్చిందా తాయీ?"

తాయక్క చేతిలో గుడ్డ ఆగింది.

"రెండేళ్లుగా నాకు తెలీడం లేదు" అంది ఆమె. "వాసన రాదు, ఏమీ రాదు. మెలకువ వచ్చేసరికి నాలిక కొరుక్కుని ఉంటా. వచ్చి వెళ్లుంటుందిలే, నేనే చూడలేకపోయుంటా అనుకుంటున్నా. నువ్వు చూశావు కదా. వచ్చిందా?"

వచ్చిందమ్మా అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"రాలేదమ్మా. జబ్బు ముదిరింది. మొదట్లోనే నేను రాసి ఉంటే ముదిరేది కాదు. ఈ చెయ్యి కాలేది కాదు."

"రాయొద్దని అడిగింది నేనేగా."

"మీకు తెలీదు. నాకు తెలుసు."

నాగలాంబమ్మ కాలిన వేళ్లని ఎడమ చేత్తో నిమురుకుంది. కోపం తెచ్చుకుంటుందేమోనని తాయక్క ఆశపడింది. ఆమె కోప్పడలేదు, క్షమించాననీ అనలేదు.

"మరి ఎనిమిదేళ్లుగా నీ పేరు ఎవరికి చెప్పుకున్నానంటావు?" అని మాత్రం అడిగింది.

ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు, తెలుసుకోవాలనే అడిగింది. తాయక్క తడి జుట్టుని చిన్న ముడి వేసి, మూతలోని పిన్నులు ఒక్కొక్కటే తీసి పెట్టింది.

మమత వచ్చింది. మాత్రలు పూటకొకటి, మూడు నెలల తరవాత మళ్లీ రావాలి, పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు. ఇవన్నీ తాయక్కే రెండుసార్లు చెప్పింది. నాగలాంబమ్మ విన్నదో లేదో, కోడలి భుజం పట్టుకుని ఆటో ఎక్కింది. ఎక్కాక కూడా వెనక్కి చూడలేదు.

బల్ల మీది దుప్పటి మార్చడానికి తలగడ ఎత్తితే అట్టవేసిన పుస్తకం ఉంది. తాయక్క దాన్ని పట్టుకుని మోకాలు ఈడ్చుకుంటూ గేటుదాకా పరిగెత్తింది. ఆటో మలుపు తిరిగిపోయింది. తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని పుస్తకం విప్పింది. సంస్కృతం ఆమెకి రాదు. వెనక కుట్టిన తెల్ల కాగితాల మీద తేదీలున్నాయి, అన్నీ శుక్రవారాలు. మొదటి పేజీల్లో ప్రతి నాలుగైదు తేదీలకీ ఒకదాని పక్కన వేలితో అద్దిన కుంకుమ చుక్క ఉంది. ఈ రెండేళ్ల పేజీల్లో తేదీలే ఉన్నాయి, చుక్కలు లేవు. ఈ నాలుగు నెలలవి ఎడమ చేత్తో రాసినట్టు వంకర టింకరగా ఉన్నాయి. ఆఖరున ఈ రోజు తేదీ ఉంది, పొద్దున బయలుదేరే ముందే రాసుకున్నట్టుంది. దాని పక్కన ఒక చుక్క పట్టేంత చోటు వదిలి ఉంది.