ఎర్రగుడ్డ కట్టిన దూలాలు

పంజాగుట్ట అప్పట్లో నిజంగా గుట్టే నాయనా, ఎక్కాలంటే ఇంజను దగ్గేది. యుద్ధానికి ముందరి ఆషాఢం అది. అమీర్‌పేటలో మా చర్చికి కప్పు వేస్తున్నారు. కలప అడితిలో చిన్న లారీ నడిపే మా ఆయన క్రీస్తుదాసు దానికి టేకు దూలాలు తెస్తున్నాడు. పుట్టింటి నుంచి వస్తున్న నేను ఖైరతాబాదులో ఎక్కి ఆయన పక్కన కూర్చున్నాను.

లారీ పొట్టిది, దూలాలు పొడుగువి. సగానికి దగ్గరగా వెనక్కి పొడుచుకొచ్చాయి. వాటిని తేవడానికి ఆయనకో పద్ధతి ఉండేది. లావు మొదళ్ళు ముందుకు పెట్టి, మోకులతో బిగించి, కొసకు ఎర్రగుడ్డ కట్టి, వెనక ఒక మనిషిని నడిపించేవాడు. బండి ముక్కు కుడికి తిరిగితే తోక ఎడమకు విసురుతుంది మరి. ఆరోజు వెనక నడుస్తున్నది మా మరిది జీవానందం. అక్కడ జరిగిన మాటలు తర్వాత అతను చెప్పినవే.

గుట్ట ఎక్కే మలుపు దగ్గర, బల్కంపేట ఎల్లమ్మకు బోనాలు తీసుకుపోయే ఆడవాళ్ళు ఎదురయ్యారు. ఎర్రగుడ్డ చూసి, అమ్మవారి గుడికి పోయే కర్ర అనుకున్నారు. దానికి మొక్కి సాక పోద్దామని పసుపునీళ్ళ చెంబులతో వెనక చేరారు.

"జరుగుర్రి అక్కా, ఇది మా చర్చికి పోయే కట్టె," అన్నాడు జీవానందం.

"ఎవల గుడికైతేంది? ఎర్రబట్ట కట్టినంక ఆ తల్లిదే. నువ్వే జరుగు," అంది వాళ్ళలో వజ్రమ్మ అనే ఆవిడ.

"బండి తిరుగుతది, కొస తాకుతది."

"నీళ్ళు పోసేదాన్ని తల్లి కొడతదా? గీనికేం తెలుసే," అని పక్కవాళ్ళతో నవ్వి చెంబు వంచింది.

ముందున్న మాకు ఇదేమీ వినపడలేదు. మా ఆయన మలుపు తిప్పాడు. దూలం కొస వజ్రమ్మ భుజం మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు మాత్రం ఇంజను మోతలోనూ నాకు వినిపించింది. ఆమె రోడ్డు మీద బోర్లా పడింది, నోటి వెంట నెత్తురు.

మా ఆయన బ్రేకు తొక్కిపట్టి బండి ఆపాడు. చేతి బ్రేకు లాగేలోపే, బోనాల వెంట వస్తున్న మగవాళ్ళలోంచి వజ్రమ్మ మొగుడు మొగిలయ్య తలుపు తీసి ఆయన్ను జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చాడు. ఎంతమంది కొట్టారో. చెప్పులతో, రాళ్ళతో, బోనాలకు తెచ్చిన వేపకొమ్మల మొదళ్ళతో. అడ్డం పోతే నన్ను కడుపులో తన్నారు. జీవానందాన్ని కాలువలో పడేసి తొక్కారు. మొగిలయ్య చేతికర్ర మా ఆయన ఎడమకంటి మీద పడింది. ఆయన అరుపు మనిషి అరుపులా లేదు. ఇక్కడే చంపేస్తారని నాకు తెలిసిపోయింది.

దెబ్బల మధ్యే ఆయన అంటున్నాడు, "బండి వెనక్కి పోతుంది. ఆమెను తియ్యుర్రి."

"తప్పించుకుంటానికి చూస్తుండు, కొట్టుర్రిరా," అన్నాడెవడో.

"జీవమణీ, చక్రం కింద రాయి పెట్టు," అని నన్ను కేకేశాడు.

చూద్దును కదా, చక్రం నిజంగానే వజ్రమ్మ మీదికి దొర్లుతోంది. రోడ్డు పక్క బండరాయి ఒకటి ఎత్తి చక్రం వెనక పడేశాను. దాన్ని సరిగ్గా తోస్తుంటే నా వేలు నలిగింది. చక్రం రాయెక్కి, వణికి, ఆగింది. వజ్రమ్మ తలకూ దానికీ మధ్య జానెడు కూడా లేదు.

మొగిలయ్య అది చూశాడు. చూసి కూడా ఇంకో దెబ్బ వేశాడు, చెయ్యి వెంటనే ఆగలేదు పాపం. తర్వాత కర్ర పారేసి మిగతావాళ్ళను తోసేశాడు.

"దవాఖానకు తీస్కపోవాలె అన్నా. నీ కాళ్ళు మొక్కుత."

"దూలాలు దించుర్రి ముందు. గిట్లనే కిందికి తిప్పితే ఇంకొకలు సస్తరు," అన్నాడు మా ఆయన నెత్తురు ఉమ్మి.

కొట్టిన చేతులే మోకులు విప్పి దూలాలు దించాయి. వజ్రమ్మను నా ఒళ్ళో పడుకోబెట్టారు. మొగిలయ్య ఎడమవైపు మెట్టు మీద నిలబడ్డాడు. బండి దిగువకు కదిలింది.

"జర మెల్లగ పోనియ్యి అన్నా."

"ఒక కన్ను నువ్వే తీసుకుంటివి. ఎడమ దిక్కు ఎవలొస్తున్నరో నువ్వే చూసి చెప్పు."

దవాఖాన చేరేదాకా మొగిలయ్య ఏడుస్తూనే చెప్పుకొచ్చాడు. ఎడ్లబండి. మేక. ముసలాయన. ఎవరూ లేరు, పోనియ్యి.