తెర వెనక గుండిగలు

మార్నింగ్ షో సగంలో ఉండగానే బసమ్మ తెర వెనక వంట గుండిగను ఈడ్చింది. రాగి అడుగు బండల మీద గీసుకుపోతుంటే హీరో మాట ఒక్కటీ వినపడలేదు. జనం ఈలలేశారు.

"ఏ ముసల్దాన! ఇంటర్వెల్ దాంక జర ఆగరాదు?" మేనేజర్ శివరాజ్ ఉరికొచ్చాడు.

"చిరాగ్‌పల్లిల పెండ్లున్నది. పెండ్లి నీ ఇంటర్వెల్ కోసం ఆగుతదా?"

ఒకప్పుడిది సంఘం హాలు. పెళ్లిళ్లూ, చావు భోజనాలూ ఇక్కడే. నడపలేక పెద్దలు సినిమాకు అద్దెకిచ్చారు. షరతు ఒక్కటే: సంఘం గుండిగలు హాల్లోనే ఉండాలి, అడిగినవాళ్లకు ఎప్పుడైనా ఇవ్వాలి. పెద్దలు పోయారు. హాలు తనదేనంటున్న సినిమా ఓనరుకు ఇప్పుడు అడ్డం ఆ గుండిగలే.

వాటిని కాచేది బసమ్మ. పొట్టి మనిషి, వంగిన నడుము, మసి వదలని గోళ్లు. నోరు మాత్రం, అమ్మో! గుండిగలన్నీ గడప దాటితే హాలూ పోయినట్టేనని ఆమె పట్టు. ఒకటి బయట ఉంటే, అది తిరిగొచ్చేదాకా మిగతావాటిని ఎవర్నీ ముట్టనివ్వదు.

శివరాజ్ తిట్టాడు, బెదిరించాడు. పాతసామాన్లవాణ్ని తెస్తే ఆమె చీపురు తిరగేసింది. చివరికి చప్పుడు కాకుండా నెట్టుకుపొమ్మని చక్రాల బండి కొనిచ్చాడు. "నాకేం కాళ్లు పడిపోయినయా?" అని దాన్ని గోడవారకు తోసేసింది.

ఆ రోజు సాయంత్రం ఆట చప్పుడు లేకుండా నడిచింది. 'పీడ వదిలింది' అనుకున్నాడు శివరాజ్. ఇంటర్వెల్లో వెనక్కి వెళ్లాడు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన గుండిగను బోర్లించి, బసమ్మ దాని మీద కూర్చుని, గోడకు తల ఆనించి ఉంది. చేతిలో తోమే చింతపండు. పిలిచాడు. తిట్టాడు. ఆమె ఎదురు తిట్టలేదు.

సంఘంవాళ్లు వచ్చారు. శవస్నానానికి నీళ్లు కాగాలి, పెద్ద గుండిగ కావాలన్నారు. అప్పటికే ఆట మళ్లీ మొదలైంది. టికెట్లు చింపే వినయ్ గోడవారనున్న చక్రాల బండి మీద చెయ్యి వేశాడు.

"అది వద్దు," అన్నాడు శివరాజ్. ఏడుపొచ్చింది. ముసలిదాని కోసం ఏడుపేంటని తన మీద తనకే మండింది. "ఆమె గుంజినట్టే గుంజుండ్రి."

గుండిగ గర్రుమంటూ కదిలింది. అవతల ఈలలు, బూతులు.

"నోర్ముయ్యిండ్రి!" తెర పక్కనుంచి అరిచాడు శివరాజ్.

ఓనరు ఫోన్ చేశాడు. "పోయిందట గదా? పొద్దుగాల గుండిగలకు లారీ పంపనా?"

"గుండిగ బయటికి పోయింది సార్. అది వాపస్ వచ్చేదాంక మిగిలినయి కదలవు."

ఫోన్ పెట్టేసి గోడవైపు చూశాడు. చక్రాల బండి అక్కడే ఉంది, చుట్టిన ప్లాస్టిక్ చిరగకుండా.