బెరడు చెప్పిన మాట

ఆ దర్జీ మామూలు దర్జీ కాదండీ. మనిషి గుమ్మంలో తుమ్మితే చాలు, మెడ కొలత చెప్పేసేది! ఏడు వీధుల్లో ఆమె కుట్టిన కాలరు బిగిసిందన్నవాడు పుట్టలేదు. అంతటి మనిషీ తన మెడ దగ్గరే తప్పులో కాలేసింది. కాలరు పట్టేసినప్పుడల్లా కుట్టు విప్పి, వేలెడు వదులు చేసుకుంది. మూడుసార్లు విప్పాక గానీ గొంతు ముందు నిమ్మకాయంత వాపు చేతికి తగల్లేదు.

"థైరాయిడ్ గడ్డ. సూదితో కాస్త తీసి పరీక్ష చెయ్యాలి" అన్నాడు డాక్టరు. సూదులతోనే బతికే మనిషి ఆ సూది మాటకు వణికిపోయి, తిన్నగా మేనత్త మూలికల కొట్టుకి పరిగెత్తింది.

ఆ కొట్లో జాడీ మూత తీస్తే లోపలి మూలిక మాట్లాడుతుంది. అబద్ధం దానికి చేతకాదు. వీధిలో అందరికీ తెలిసిందే. మిరియాల వాగుడు భరించలేక పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవారు, అంతే.

"అత్తా, పరీక్షా వద్దు గిరీక్షా వద్దు. ఏదో ఒకటి నూరివ్వు."

"ఓసి పిరికిదానా! నా మందుకి బండరాళ్ళే కరిగాయి, నీ గడ్డెంత?" అంటూ అత్త సముద్రపు నాచు జాడీ తెరిచింది.

"ఒంట్లో అయోడిన్ తక్కువైతేనే నాకు పని" అంది నాచు. "తక్కువ లేకపోతే వాపు పెంచినా పెంచుతాను."

అశ్వగంధ ఆవులించింది. "నన్ను కొద్దిమంది మీదే పరీక్షించారమ్మా. థైరాయిడ్‌ని ఎగదోస్తానేమో గానీ, గడ్డ సంగతి నేనెరగను."

అత్త ముఖం మాడిపోయింది. ఇక మిగిలింది తాతలనాటి దేవకాంచనం బెరడు. గడ్డలకు దాన్ని మించింది లేదని తరతరాల మాట. మూత తీసింది.

మిరియాలు సైతం నోరు మూశాయి. వానకు తడిసిన అడవి వాసన జాడీలోంచి లేచి గది నిండా నిలబడింది. వెయ్యేళ్ళుగా దాన్ని నమ్మి తాగిన గొంతులన్నీ ఆ వాసనలో ఒక్కసారి ఊపిరి పీల్చాయి.

"నా మీద నమ్మకం కొండంత" అంది బెరడు మెల్లగా. "రుజువు గోరంత. నయమైనవాళ్ళు ఊరంతా చెప్పుకున్నారు. కానివాళ్ళు చెప్పడానికి తిరిగి రాలేదు. అదేం గడ్డో తెలియకుండా నన్ను మింగకు, తల్లీ."

అత్త జాడీ మూసి చెప్పులు వేసుకుంది.

"పద."

"ఎక్కడికత్తా?"

"సూది దగ్గరికి. చెయ్యి నేను పట్టుకుంటాలే."

అది చెడ్డ గడ్డే అని తేలింది. పాకకముందే దొరికింది, కోసి తీసేశారు.

"ఇంకో ఏడాది ఆగుంటే నా చేతిలో ఉండేది కాదు" అన్నాడు డాక్టరు. "ఇంతకీ మిమ్మల్ని మళ్ళీ నా దగ్గరికి పంపిందెవరు?"

బుద్ధెరిగాక ఏ గొప్పా ఇంకొకరికి వదలని అత్త, తల వంచి "బెరడు" అంది.

డాక్టరు లేచి నిలబడ్డాడు. అలా నిలబడే, కేసు కాగితంలో 'పంపినవారు' అన్న గీత మీద ఆ పేరు పొందిగ్గా రాసుకున్నాడు.