మానేసిన కారణం

అంగుళం మేకుల్లో ముప్పావు అంగుళం మేకులు కలిసిపోయాయి. ఎవరో బేరగాడు డబ్బాల్లో చేయి పెట్టి కెలికి పోయాడు. ఒతీలియా గల్లా పక్కన పీట వేసుకుని వాటిని వేరు చేస్తోంది. చూడక్కర్లేదు, వేళ్ళే చెబుతాయి. కుడిచేతి బొటనవేలు మాత్రం ఈమధ్య మాట వినడం లేదు.

"ఏం ఎలియేసెర్ గారూ, ఇంత కొట్టుకి ఇంకా మనిషిని పెట్టుకోలేదా?" అన్నాడు సిమెంటు కోసం వచ్చిన మేస్త్రీ.

"మనిషెందుకూ? మా ఆవిడ సాయం పడుతోందిగా" అన్నాడు ఆమె భర్త, బిల్లు చింపి ఇస్తూ.

సొగమోసో ఊళ్ళో ఎవరూ ఎవరికీ పని చెప్పరు. చెబితే మోటు. మొగుడు పెళ్ళాన్నయినా, అత్త కోడల్నయినా 'తమరు' అనే అంటారు, 'కాస్త సాయం పడతారా' అనే అడుగుతారు. పక్క జిల్లాలో కసురుళ్ళ మధ్య పెరిగిన ఒతీలియాకి ఆ మర్యాద మొదట్లో తేనెలా ఉండేది. పెళ్ళయిన వారానికి అత్తగారు దోన్యా ఫిదెలా, "తమరు ఈ పూట కొట్లో కాస్త సాయం పడితే నేను మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటానమ్మా" అంది. ఆ పూట పందొమ్మిదేళ్ళు సాగింది. ఏ సైజు పైపుకి ఏ మూత పడుతుందో, ఏ మేస్త్రీకి అరువివ్వచ్చో, ఎవరికివ్వకూడదో, వానాకాలానికి ముందు రేకులు ఎన్ని తెప్పించాలో ఆమె తలలో ఉంది. పొద్దున్న షట్టరు ఎత్తేదీ ఆమే, మధ్యాహ్నం పైకెళ్ళి సూప్ కాచి దించేదీ ఆమే. ధర చీటీ లేని సరుకుని వచ్చినవాళ్ళంతా పట్టుకుని చూసి పెట్టేస్తారని కొట్లో రోజూ చూస్తూనే ఉంది. తన ఒంటి మీద చీటీ లేదన్న సంగతి మాత్రం ఈ వారం మొదట్లో ఆసుపత్రికి వెళ్ళేదాకా తట్టలేదు.

బొటనవేలు వాస్తే చూపించుకోవడానికి వెళ్ళింది. కిటికీ దగ్గర కుర్రవాడు ఏం పని చేస్తారని అడిగాడు. ఇనుప సామాన్ల కొట్టు అని చెప్పింది. అతను కంప్యూటర్లో వెతికి, "ఇక్కడ భర్త మీద ఆధారపడినవారని ఉందండీ. వృత్తి: ఇల్లు. వృత్తి వల్ల వచ్చిన నొప్పి అని రాయడానికి తమరికి వృత్తి ఉండాలి కదా. ఏమీ అనుకోకండి" అన్నాడు. ఎంతో మెత్తగా అన్నాడు. తిరిగొస్తుంటే బస్టాండు ఎదుట కొత్తగా తెరిచిన పెద్ద సామాన్ల గిడ్డంగి గోడ మీద కాగితం కనిపించింది. కౌంటరు చూసుకునే మనిషి కావాలి, అనుభవం తప్పనిసరి, జీవిత పత్రంతో శుక్రవారం లోగా రావాలి.

ఉద్యోగానికి పెట్టే దరఖాస్తుని అక్కడ అలాగే పిలుస్తారు, జీవిత పత్రమని. అచ్చు వేసిన ఫారం పుస్తకాల కొట్లో దొరుకుతుంది. "రెండు తీసుకోండి తమరు. మొదటిది అందరూ పాడు చేస్తారు" అంది కొట్టావిడ. నిజమే అయింది. పేరు, పుట్టిన తేదీ, చదువు బాగానే నిండాయి. 'చేసిన ఉద్యోగం' అన్న గడిలో చెయ్యి దానంతటదే 'సాయం' అని రాసింది. రాశాక ఒతీలియా చాలాసేపు దాన్నే చూసింది. పందొమ్మిదేళ్ళు రెండక్షరాల్లో పట్టేశాయి, గడిలో ఇంకా బోలెడు చోటు మిగిలింది. ఆ కాగితం చింపి రెండోది తీసింది. ఈసారి 'కౌంటరు, కొనుగోళ్ళు, నిల్వలు' అని రాసింది. దాని కింద గడి, యజమాని సంతకం.

భోజనాల దగ్గర కాగితం భర్త ముందు పెట్టింది. అతను చదివి నవ్వాడు.

"యజమానా? నేను తమరికి యజమానినా? ఏ రోజైనా తమరికి పని పురమాయించానా? గొంతు పెంచానా? దేవుడి తోడు, చెప్పండి."

లేదు. పెంచలేదు. అదే చిక్కు.

"మొగుణ్ణి పట్టుకుని యజమాని అని కాగితం మీద రాయిస్తారటమ్మా?" అంది అత్తగారు. "ఊరు నవ్వదూ? ఈ కొట్టు తమరిది కాదూ?"

"అయితే బోర్డు మీద నా పేరు రాయించండి అత్తయ్యగారూ."

బోర్డు మీద 'ఎలియేసెర్ సోదరులు' అని ఉంది. ఆ సోదరుడు బొగొతాలో చెప్పులమ్ముతాడు, ఈ కొట్లో ఒక్క మర బిగించి ఎరగడు.

"బోర్డు మీద చోటెక్కడుంది తల్లీ" అన్నాడు ఎలియేసెర్, ఇంకా నవ్వుతూనే. "ఈ వయసులో తమర్ని ఎవరు తీసుకుంటారు చెప్పండి? కాస్త ఆ ఉప్పు అందిస్తారా?"

అందించింది. ముసలామె చెంచా సూప్‌లోనే ఆపి, "నేనూ నలభై ఏళ్ళు సాయం పట్టాను. నన్నెవరూ ఏమీ రాయమనలేదు" అంది. గర్వంగా మొదలుపెట్టిన మాట, చివరికొచ్చేసరికి సన్నబడిపోయింది. ఆ తర్వాత ఆవిడ కోడలి వైపు చూడలేదు.

శుక్రవారం పొద్దున్న ఒతీలియా షట్టరు ఎత్తలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి, ఉన్ని రువానా కప్పుకుని బస్సెక్కింది.

గిడ్డంగి యజమానురాలు ఇంజనీర్ యమీలే ముప్పై ఏళ్ళ మనిషి. కాగితం తిరగేస్తూ, "సంతకం లేదేమండీ?" అంది.

"పెట్టనన్నారు. యజమాని కాదట."

"మరి ఎవరు?"

"మా ఆయన."

యమీలే తలెత్తి ఈసారి మనిషిని చూసింది. "ఆగండాగండి. నేను మొదటి ఇల్లు కట్టించినప్పుడు తమరి కొట్టుకే వచ్చాను. పది తలుపులకి బందులు అడిగితే, ప్లాను చూపించమని, ఆరు గుమ్మాలకి తలుపులు పదెందుకని నాలుగు తలుపుల సామాను వెనక్కి పెట్టేశారు. తమరేనా?"

"తప్పు లెక్క మీద అమ్మితే మళ్ళీ రారు కదండీ."

"మళ్ళీ వచ్చాను. మూడిళ్ళకి." యమీలే నవ్వింది. "ఆ సంతకం లేకపోయినా ఫరవాలేదు, సాక్షిగా నా పేరు నేనే రాసుకుంటాను. సోమవారం నుంచి మాకు కాస్త సాయం పడతారా తమరు?"

ఆ పిల్ల మర్యాదగానే అడిగింది. ఈ ఊళ్ళో ఇంకెలా అడుగుతారు? ఒతీలియా చేతులు ఒళ్ళో పెట్టుకుంది, బొటనవేలు సలుపుతోంది.

"సాయం పట్టనండీ" అంది. "ఉద్యోగమైతే చేస్తాను."

యమీలే మొహంలో నవ్వు ఆగి, నెమ్మదిగా ఇంకో రకంగా మళ్ళీ వచ్చింది. "ఉద్యోగమే. జీతం, బీమా, పింఛను, అన్నీ తమరి పేరు మీదే." కాగితం ఇటు తిప్పి వేలు పెట్టి చూపించింది. "కానీ ఈ రెండు గళ్ళూ ఖాళీగా ఉన్నాయి. ఇవి నిండకపోతే మా లెక్కలాయన ఒప్పుకోడు. అక్కడ మానేసిన తేదీ, మానేసిన కారణం."

ఆ గళ్ళు ఒతీలియా మర్చిపోయి వదల్లేదు. ఇంటి దగ్గర మూడు రోజులు కలం పట్టుకుని వాటి దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు కలం అడిగి తీసుకుని, మొదటి గడిలో ఆ రోజు తేదీ వేసింది. రెండో గడిలో నెమ్మదిగా, గడి నిండేలా, పెద్ద అక్షరాలతో రాసింది: ఉద్యోగం చేయడానికి.