అక్క ఎముకల్లో కాపురం

నేను ఒక కణాన్ని. రక్తం చెయ్యడం నా పని అని మొదట్లో నాకే తెలియదు. కోటేశ్వరి కడుపులో బియ్యపుగింజంత పిండం. దాని వెన్ను వెంట పెద్ద రక్తనాళం. ఆ నాళం అడుగు గోడలో ఇటుకలా పరుచుకుని పడుండేదాన్ని. కొత్తగా కొట్టుకుంటున్న గుండె రక్తాన్ని నా మీదుగా తోస్తుంటే ఒకరోజు ఒళ్లు గుండ్రబడింది. పక్కవాళ్లను విడిపించుకుని ప్రవాహంలోకి దూకేశాను. గోడలో ఇటుకను కాస్తా రక్తానికి తల్లినయ్యాను. బయట కోటేశ్వరి మాత్రం బొప్పాయి ముక్క తిన్నానని కుమిలిపోతోంది.

ఎముకలు ఇంకా తయారు కాలేదు గనుక కాలేయంలో తలదాచుకుని, అక్కడ ఒకరం పదిమందిమయ్యాం. కానుపునాటికి చాలామంది ఎముకల్లోకి కాపురానికి పోయారు. నేను బొడ్డుతాడులో తచ్చాడుతున్నాను.

బయట నాకోసమే చూస్తున్నారని అప్పుడు తెలిసింది. కోటేశ్వరి పెద్దపిల్ల హిమజకు తలసీమియా. ఒంట్లో పుట్టే రక్తం నిలవదు, నెల తిరక్కుండా ఎక్కించాలి. పిల్లది ఓ పాజిటివ్; ఆ గ్రూపు వాళ్లెవరో ఆ తల్లికి కంఠతా వచ్చు. పెళ్లి భోజనాల బంతిలో కూడా పక్కవాళ్ల గ్రూపు అడిగేది.

అక్క కోసం తాడులో రక్తం తీస్తే పసివాడు పాలిపోతాడని కోటేశ్వరి బెదిరింది. తాడు కోసేశాక మిగిలింది పారబోసేదేనని షమీమ్ సిస్టర్ నచ్చజెప్పింది. పరీక్షల్లో అక్కకు సరిపోయానన్నారు. గడ్డకట్టే చలిలో కొన్నాళ్లు నిద్రపోయి, ఆపైన హిమజ ఎముకల్లో పాతవాళ్లను మందులతో ఖాళీ చేయించాక, ఆమె నరంలోంచి లోపలికి వెళ్లాను. ఎవరూ దారి చెప్పకుండానే ఎముక మూలుగలోకి పోయి పని మొదలుపెట్టాను.

నెలలు గడిచాయి. నేను నిలబడ్డానో లేదో తేలాలి. ఒకనాడు పరీక్ష కాగితం వచ్చింది. బి పాజిటివ్.

కోటేశ్వరి కాగితం పట్టుకుని షమీమ్ సిస్టర్ దగ్గరికి పరుగెత్తింది.

"ఇది మా కాయితం కాదు సిస్టర్. మా పిల్లది ఓ. ఇన్నేళ్లూ అదేగా ఎక్కిచ్చింది. ఎవరి రక్తమో కలిసిపోయుంటది, సరిగ్గా చూడండి."

"కలవలేదమ్మా, మారింది. తమ్ముడిది బి గదా? వాడిచ్చిన కణాలు నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు పిల్ల ఒంట్లోనే మంచి రక్తం తయారవుతోంది."

కోటేశ్వరి తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. మొహంలోకి మళ్లీ దిగులొచ్చింది.

"మరి బి వాళ్లు నాకెవరూ తెలీదే. ఎక్కడని ఎతకను?"

"ఇంక ఎవర్నీ వెతకొద్దు తల్లీ."

ఆ మాట తలకెక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వింది. అంతలోనే హిమజ బుగ్గలు ఎర్రగా కనిపించేసరికి, జ్వరమేమోనని గాభరాపడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

జ్వరం కాదమ్మా, అది నేనే.